దీపం పడవకా... చేపకా?
ఎల్‌ఈడీ నిషేధం సముద్రానిది, అనుమానం మన డ్యామ్‌ది

బర్గూరుకు సముద్రం లేదు. ఈ ఊరి పేరు చెబితే బట్టల అంగళ్లు, గ్రానైటు, మామిడి తోపులు గుర్తుకొస్తాయి. చేప అంటే ఇక్కడ చెరువు చేప, కాదంటే కృష్ణగిరి డ్యామ్ చేప. అయినా సముద్రం మీద పెట్టిన ఒక నిషేధం గట్టున ఉన్నవారిని కూడా తికమక పెడుతోంది. ‘ఎల్‌ఈడీ లైట్లతో చేపలు పట్టరాదు’ అన్న వార్త పత్రికల్లో, టీవీల్లో వచ్చినప్పుడల్లా రాత్రి పూట పుట్టి వేసుకుని వలకు పోయే మనిషికి ఒకటే సందేహం. ‘ఏమన్నా, మన పుట్టికి లైటు కట్టుకోవచ్చునా, కూడదా? కడితే కేసు పెడతారా?’

సూటిగా చెప్పాలంటే, మనిషి చూసుకోవడానికి, ఎదుటి పడవకు కనబడడానికి పెట్టుకునే లైటు మీద ఆ నిషేధం లేదు. చేపను పిలవడానికి వేసే లైటుతోనే పేచీ అంతా. రెండింటికీ వాడేది అదే ఎల్‌ఈడీ కావడంతో వచ్చిన చిక్కు ఇది. ఈ తేడాను గట్టు మీద ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. భయపడే వాడు అసలు లైటే లేకుండా చీకట్లో నీళ్ల మీదకు పోతాడు. తెగించిన వాడు ఎంత లైటు పడితే అంత లైటు నీళ్లలోకి దించుతాడు.

నిషేధించింది దేన్ని?

కేంద్ర ప్రభుత్వం 2017 నవంబర్ 10న ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశపు ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో ఎల్‌ఈడీ లైట్లు, ఇతర కృత్రిమ దీపాల వెలుగులో చేపల వేటను, రెండు మరపడవలు కలిసి ఒకే వలను లాక్కుపోయే జంట వేటను అది నిషేధించింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు రాష్ట్రాల పెత్తనం. ఆపైన 200 నాటికల్ మైళ్ల వరకు కేంద్రానిది. లోపలి నీళ్లకు తమిళనాడుకు 1983 నాటి చట్టం, ఆంధ్రకు 1994 నాటి చట్టం ఉన్నాయి. 2025 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఎల్‌ఈడీ వేట మీద నిషేధం అలాగే ఉంది. ఇదంతా ఉప్పునీటి సంగతి. కృష్ణగిరి డ్యామ్‌కు గానీ, బారూరు చెరువుకు గానీ, హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యామ్‌కు గానీ ఆ ఉత్తర్వు వర్తించదు.

మన జిల్లాలో ఆ ఉత్తర్వును అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదంటే తప్పు పట్టలేం. అదే నెల 29న కృష్ణగిరి డ్యామ్ మొదటి షట్టరు విరిగి నీళ్లు పోతుంటే జిల్లా అంతా అటే చూసింది.

సముద్రంలో లైటుకు అంత రచ్చ ఎందుకు జరిగిందో తెలిస్తేగానీ మన సంగతి తేలదు. చీకటి రాత్రి నీటిపైన పెద్ద వెలుగు పడితే ముందు కంటికి ఆనని సన్న జీవులు గుమిగూడతాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, వాటి వెనకే పెద్దవి వస్తాయి. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, కూనీ కణవలు గుంపులు గుంపులుగా వెలుగు కిందకు చేరతాయి. అప్పుడు చుట్టూ వల తిప్పి అడుగున తాడు బిగిస్తే గుంపుకు గుంపు సంచిలో పడినట్టే. తమిళంలో సురుక్కుమడి అంటారు, విశాఖ వైపు రింగు వల అన్నా అదే జాతి. పెద్ద పడవలు జనరేటర్లు పెట్టి వేల వాట్ల దీపాలు వెలిగిస్తాయి. కొన్ని నీళ్లలోకే దీపాలు దించుతాయి. గుడ్డు పెట్టని పిల్ల చేప కూడా అందులోనే పోతుంది. పక్కన తెప్ప మీద ఉన్న వాడి వలలో పడాల్సిన చేప కూడా ఆ దీపం దగ్గరికే పోతుంది. గోవా, కర్ణాటక తీరాల్లో చిన్న పడవల వాళ్లు రోడ్డెక్కింది అందుకే.

ఈ సురుక్కుమడి వల మీద తమిళనాడు పెట్టిన నిషేధం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 జనవరిలో కోర్టు తాత్కాలికంగా అనుమతి ఇస్తూ షరతులు పెట్టింది. 12 మైళ్లు దాటాకే వేయాలి, వారంలో సోమ, గురువారాలే, అదీ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకే. పగటికే కట్టేశారు కాబట్టి అక్కడ లైటుకు తావే లేదు.

దీపం చౌక అయింది

చేపకు దీపం చూపడం కొత్త విద్య కాదు. కాగడాలు, లాంతర్లు, పెట్రోమాక్స్ లైట్లు అన్నీ అయ్యాయి. అయితే పెట్రోమాక్స్‌కు కిరోసిన్ కావాలి, మాంటిల్ తెగుతుంది, గాలి విసురుకు ఆరుతుంది. ఎంత ఆశ ఉన్నా ఆ దీపానికి ఒక హద్దు ఉండేది. ఆ హద్దును చెరిపేసింది ఎల్‌ఈడీ. తెల్లని వెలుగుకు దారి తీసిన నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. ప్రభుత్వ లెక్క ప్రకారం 2014లో ఒక బల్బు కొనుగోలు ధర 310 రూపాయలు. 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 8, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. ఇంటి కరెంటు బిల్లు తగ్గించిన దీపమే సముద్రంలో చేప గుంపులకు యముడైంది. వస్తువులో దోషం ఏముంది చెప్పండి.

ఇదే దీపం మేలు చేసిన చోటు కూడా ఉంది, అదీ సముద్రం కాదు, మంచినీటి సరస్సు. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో వెండి రంగులో మెరిసే చిన్న చేప ఒకటుంది. దాని పేరు దగా. (మన భాషలో అర్థం వేరనుకోండి.) వెన్నెల లేని రాత్రుల్లో చిన్న పడవల వాళ్లు నీటి మీద దీపాలు తేలవేసి ఈ చేపను పడతారు. ఏళ్ల తరబడి కిరోసిన్ లైట్లే వాడారు. టాంజానియా వైపు చేసిన పరిశీలనలో, వచ్చిన రాబడిలో పెద్ద వాటా కిరోసిన్‌కే పోతున్నట్టు తేలింది. సోలార్‌తో చార్జి చేసే ఎల్‌ఈడీ దీపాలు ఇచ్చి చూస్తే ఆ ఖర్చు తప్పింది. అక్కడ అది బీదవాడి దీపం.

మరి అక్కడ మంచిదైంది ఇక్కడ ఎందుకు కాదు? దగా పెద్దయినా వేలెడంతే ఉంటుంది. తొందరగా పెరిగి తొందరగా పిల్లలు పెడుతుంది, దాన్ని ఎవరూ తెచ్చి వదలాల్సిన పని లేదు. మన డ్యామ్ కథ వేరు. బొచ్చె, రోహు, మృగాల నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. అందుకే మత్స్యశాఖ పిల్ల చేపలను పెంచి డ్యామ్‌లలో, చెరువుల్లో వదులుతుంది. కృష్ణగిరి డ్యామ్ దగ్గర ప్రభుత్వ చేపపిల్లల కేంద్రం ఉన్నది అందుకే. జిలేబి చేప ఒక్కటే తనంతట తాను పెరిగిపోతుంది, దానికి దిగుల్లేదు.

అసలు ముప్పు ఇక్కడే ఉంది. బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, సన్న జీవులను తింటుంది. నీటిలో దీపం పెడితే ఆ సన్న జీవులు చేరతాయి, వాటి వెంట పిల్ల చేప వస్తుంది. అప్పుడు సన్న కన్ను వల వేస్తే పడేది ఏమిటి? నిన్న మొన్న సర్కారు సొమ్ముతో వదిలిన పిల్లే. ఏడాది ఆగితే కిలో తూగే చేప, బొటనవేలంత ఉండగానే గంపలో పడుతుంది. సముద్రంలో ఆ నష్టం లెక్కకు అందదు. డ్యామ్‌లో ఎన్ని పిల్లలు వదిలారో లెక్క ఉంటుంది, కాబట్టి పోయిందెంతో చేప పట్టే వాళ్లకే ముందు తెలుస్తుంది. రెండేళ్లు అలా జరిగితే డ్యామ్ మీద బతికే కుటుంబాలన్నీ నష్టపోతాయి, దీపం దించిన వాడితో సహా.

చూపులోనే నష్టం

కృష్ణగిరి డ్యామ్‌లో 52 అడుగుల దాకా నీళ్లు నిలుస్తాయి. అలాంటి నీటిలో రాత్రి వేసేది ఎక్కువగా చేప తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కునే వల. సన్న నైలాన్ దారం చీకట్లో చేపకు కనబడదు, అదే ఆ వల బలం. దాని మీద వెలుగు పడితే దారం మెరుస్తుంది, చేప పక్కకు తప్పుకుంటుంది. పున్నమి నాటి కన్నా అమాస నాడు వల బరువుగా వస్తుందని పాత మనుషులు చెప్పేది ఇందుకే. అంటే ఈ వల వేసే వాడు నీళ్లలోకి లైటు కొడితే తన పొట్ట తానే కొట్టుకుంటున్నట్టు.

ఇది ఊహ కాదు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరంలో శాస్త్రవేత్తలు ఇలాంటి వలలకే చిన్న ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కట్టి చూశారు. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. అక్కరలేకుండా వలలో పడే జీవాల బరువు 63 శాతం తగ్గింది. సొరలు, టేకు చేపల జాతి అయితే 95 శాతం తగ్గింది. కావలసిన చేప మాత్రం తగ్గలేదు. దీపంతో చేపను పిలవవచ్చు, దీపంతోనే తరమవచ్చు. ఏ నీరు, ఏ వల, ఏ చేప అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నీటి రంగు సంగతి కూడా ఉంది. తేట సముద్రంలో నీలి, పచ్చ వెలుగు లోతుకు పోతుంది, ఎరుపు కొన్ని మీటర్లలోనే చచ్చిపోతుంది. మన డ్యామ్ నీరు తేట కాదు. నంది కొండల్లో పుట్టే దక్షిణ పినాకిని బెంగళూరు వైపు మురుగును కూడా మోసుకొస్తుంది. కెలవరపల్లి దగ్గర లేచే నురుగు చూడని వారు ఈ జిల్లాలో ఉండరు. పాచితో పచ్చబడ్డ నీటిలో నీలి వెలుగు కొద్ది దూరంలోనే ఇంకిపోతుంది. సముద్రంలో చూశామని నీలి లైటు తెచ్చి ఇక్కడ దించితే డబ్బు దండగ.

కడితే ఎలా కట్టాలి?

మనిషికి కావలసిన లైటు మాట వేరే. పుట్టి గుండ్రంగా ఉంటుంది, తిరుగుతుంది, నీళ్లు చిమ్ముతుంది, ఎక్కువ బరువు మోయదు. మోటారు పడవకు చెప్పే పద్ధతులు దీనికి అతకవు. ముందు పక్క లైటు అంటారు, పుట్టికి ముందేది, వెనకేది? అందుకే నాలుగు వైపులా కనబడే తెల్లని దీపం ఒకటి, కూర్చున్న మనిషి తలకు పైన ఉండేట్టు గట్టి వెదురుకో, ప్లాస్టిక్ పైపుకో కట్టుకోవడం మేలు. దాని కింద చిన్న రేకు మూత వేస్తే వెలుగు కళ్లలో పడదు, నీళ్లలోకీ దిగదు. వల విప్పడానికి, చేప తీయడానికి తలకు కట్టుకునే లైటు చాలు, పని అయ్యాక ఆర్పేయవచ్చు.

అంతర్జాతీయ సముద్ర నియమాలు కూడా చిన్న పడవను ఇబ్బంది పెట్టవు. 7 మీటర్ల లోపు పొడవుండి, 7 నాట్లకు, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లకు మించి పోని పడవకు చుట్టూ కనబడే ఒక్క తెల్ల దీపం చాలంటాయి. తెడ్డు వేసే పడవైతే టార్చి చేతికి అందేట్టు పెట్టుకుని, ఎదురు పడవ వస్తున్నప్పుడు ముందే చూపినా సరే. డ్యామ్‌కు ఆ నియమాలు వర్తించకపోయినా బుద్ధి అదే. అందం కోసం ఎరుపు, పచ్చ, నీలి పట్టీ లైట్లు చుట్టడం మాత్రం వద్దు. సముద్రంలో తెలుపు మీద ఎరుపు ఉంటే వల వేసి ఉన్న పడవ, తెలుపు మీద పచ్చ ఉంటే వల ఈడ్చే పడవ అని అర్థం. పులికాట్ వైపు బంధువులున్న వాళ్లు ఈ మాట వాళ్లకూ చెప్పవచ్చు. పండగ లైట్లు కట్టుకున్న పడవను చూసి ఎదుటి వాడు ఎటు తప్పుకోవాలో తెలియక మీదికే వస్తాడు.

బ్యాటరీ లెక్క సులువు. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే తొందరగా పాడవుతుంది. సగం అంటే 42. 5 వాట్ల దీపం 8 గంటలు వెలుగుతుంది, రాత్రి గడిచిపోతుంది. పాత బండి బ్యాటరీ తెచ్చి పుట్టిలో పెట్టేవారు జాగ్రత్త పడాలి. మూత బిగువు లేనిదైతే పుట్టి వాలినప్పుడు యాసిడ్ కారి కాళ్లు కాలతాయి. సీలు వేసిన బ్యాటరీనే మూత డబ్బాలో పెట్టి నడిమధ్యన కట్టాలి. బ్యాటరీ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ‘చిన్న లైటుకు ఫ్యూజు ఎందుకప్పా’ అనేవారే ఎక్కువ. దీపం చిన్నదే గానీ, తడిసి వైర్లు కలిస్తే బ్యాటరీ ఇచ్చే కరెంటు చిన్నది కాదు.

12 వోల్టుల బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు 14 వోల్టులు దాటుతుంది. సోలార్ పలక పెట్టుకున్న వారు దీన్ని గమనించాలి. సరిగ్గా 12కే చేసిన చౌక పట్టీ లైటు ఆ వేడికి నెలల్లోనే పోతుంది. 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకునేది అడిగి కొనాలి. వైరు అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం నీటి మీద నిలవదు. సోల్డర్ వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగితే వానకాలం గడుస్తుంది. వెలుగు పసుపు రంగులో ఉంటే పురుగులు కూడా తక్కువ ముసురుతాయి. వాన పడ్డ రాత్రి తెల్ల లైటు వేసుకుని నోరు తెరిచిన వారికి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది లైఫ్ జాకెట్టు. లైటు మునిగిన మనిషిని తేల్చదు.

1897 నాటి చట్టం

లోతట్టు నీటిలో చేపల వేటకు మూలమైన చట్టం 1897 నాటిది. మందుగుండు పేల్చి చేపలు పట్టరాదు, నీళ్లలో విషం కలపరాదు అని అది చెబుతుంది. ఏ నీటిలో ఏ వల వేయాలి, కన్ను ఎంతుండాలి, ఏ కాలంలో వేట ఆపాలి అని నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. దీపం మాట అందులో లేదు. ఆ కాలంలో ఉన్నది లాంతరూ, కాగడానే, వాటితో డ్యామ్ ఖాళీ అవుతుందని ఎవరు అనుకుంటారు? పైగా అప్పుడు ఈ డ్యామే లేదు, కట్టింది 1950లలో.

ఇప్పుడు కావలసింది సముద్రం నిషేధాన్ని తెచ్చి డ్యామ్‌కు అతికించడం కాదు. అలా చేస్తే ముందు దెబ్బ తినేది తలకు లైటు కట్టుకున్న పుట్టి మనిషే. పట్టుబడేది ఎప్పుడూ చిన్నవాడే గదా. మత్స్యశాఖ, సహకార సంఘాలు కూర్చుని గీత గీస్తే సరిపోతుంది. నీటిపైన ఉండే దీపానికి అనుమతి, నీటిలోకి దించే దీపానికి, జనరేటర్‌తో వెలిగే దీపానికి కాదు. దీపంతో పాటు సన్న కన్ను వల దొరికితే అసలే కాదు. వాట్ల లెక్క రాస్తే ఎవరికి వారే చూసుకుంటారు. బారూరులో తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయం కేంద్రం ఉంది. ఏ వెలుగుకు ఏ చేప వస్తుందో మన నీటిలోనే చూసి చెప్పడానికి దూరం పోనక్కర్లేదు.

డబ్బు మాట కూడా ఉంది. 2020లో 20,050 కోట్ల రూపాయలతో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవలు, వలలు, భద్రతా కిట్లకు సాయం చేర్చారు. భద్రత అనేసరికి అందరికీ సముద్రమే గుర్తుకొస్తుంది. పుట్టికి కావలసిన సామాను ఎంత? ఒక సీలు బ్యాటరీ, ఒక దీపం, ఒక జాకెట్టు. పుట్టి, వల ఇచ్చేటప్పుడే వీటినీ కలిపి ఇవ్వాలని సంఘాలు గట్టిగా అడగాలి. ఇంతవరకు అడిగేది వలే, పుట్టే. తమిళంలో దరఖాస్తు రాయడం రాక ఆగిపోయేవారు ఉంటే చదువుకున్న పిల్లల చేత రాయించుకోవచ్చు.

గీత గీశాక దాన్ని తెలిపే బోర్డు గట్టు మీద ఉండాలి. కృష్ణగిరి, బర్గూరు, హోసూరు వైపు తమిళం, తెలుగు, కన్నడం మూడూ మాట్లాడే వారు ఒకే గట్టు మీద వల ఆరవేస్తారు. ఒక్క భాషలో రాసిన బోర్డు సగం మందికి బొమ్మే. కుప్పం వైపు చెరువుల దగ్గర కూడా ఇదే సందేహం ఉన్నవారు అక్కడి మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి, ఎందుకంటే లోతట్టు నీటికి నిబంధనలు పెట్టేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. మన వైపు వారు కృష్ణగిరి కార్యాలయంలో, తమ లైసెన్సులో లైటు గురించి ఏమైనా రాశారో లేదో, ఈసారి పిల్ల చేప వదిలే లోపే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది.